మూడు కేజీలు తగ్గమంటున్నారు మాస్టారు.. తగ్గాలా, వద్దా?

డోలియో_పిల్ల | జూలై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. పదో తరగతి, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఏడేళ్లుగా తైక్వాండో నేర్చుకుంటున్నాను, ఇప్పుడు రెడ్ బెల్ట్. స్కూల్లో ఖోఖో, కబడ్డీ, పరుగు, ఏ పోటీ పెట్టినా నన్ను అడక్కుండానే నా పేరు రాసేస్తారు. మా తైక్వాండో క్లాసులో లెక్కపెట్టేది కొరియన్‌లో (హనా, తుల్, సెట్..), తిట్టేది ఒడియాలో. ఇంటికి లేటుగా వస్తే అమ్మ తిట్టేది తెలుగులో.

సంగతేమిటంటే, ఆగస్టు రెండో వారంలో జిల్లా సెలెక్షన్ ఉంది. నాకు పదిహేను నిండాయి కాబట్టి ఈసారి నుంచి జూనియర్ విభాగం. మొన్నటిదాకా నా బరువు 48.6. 49 కేజీల లోపులో హాయిగా సరిపోతాను. కానీ అందులో ఇంకో అమ్మాయి ఉంది, నిరుడు స్టేట్‌లో మెడల్ కొట్టింది. నాకంటే నాలుగు వేళ్లు పొడుగు, కాలు లేపిందంటే నా హెడ్‌గార్డ్ మీదే ఉంటుంది. 46 లోపులో మాత్రం ఈ ఏడాది గట్టివాళ్లెవరూ లేరట. అందుకని మాస్టారు "ఓజన్ కమా (బరువు తగ్గు), 46లో ఆడు, నేరుగా స్టేట్‌కి వెళ్తావు" అంటున్నారు.

వారం నుంచి రాత్రి అన్నం మానేశాను. పొద్దున్నే రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తుతున్నాను. 47.5కి వచ్చాను. గురువారం ప్రార్థనలో నిలబడితే కళ్లు తిరిగాయి, పక్క అమ్మాయి పట్టుకుంది. అమ్మకి చెప్పలేదు. చెప్తే క్లాసే మాన్పించేస్తుంది, మెట్రిక్ ఏడాది కదా. నాన్న ఎలాగూ "ఈ తన్నులాట ఇక చాలు" అంటూనే ఉన్నారు.

ఇంకో కేజీన్నర ఎలా తగ్గాలో ఎవరైనా చెప్తారా? ఆఖరి రెండు రోజులు నీళ్లు మానేస్తే చాలని మా సీనియర్ చెప్పింది.

---

బరంపురం_పంచ్ | జూలై 6, రాత్రి 10:15

దీనికి అంత టెన్షన్ ఎందుకు? అందరూ చేసేదే. నేను బాక్సింగ్‌లో నాలుగు రోజుల్లో నాలుగు కేజీలు దించాను. ఆఖరి రోజు నీళ్లు ముట్టలేదు. తూకం అయిపోయాక తాగితే మళ్లీ మామూలే. ఆటంటే కష్టపడాలి మరి.

---

గుణుపూర్_పీఈటీ | జూలై 7, ఉదయం 5:55

అమ్మాయ్, సలహా తర్వాత, ముందు నాకో లెక్క కావాలి. స్కూల్లో ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్ష పెట్టారా? పెడితే నీ 600 మీటర్ల టైమ్ ఎంత? ఈ డైటింగుకి ముందుది ఒకటి, ఇప్పటిది ఒకటి చెప్పు.

తెలియని తల్లిదండ్రుల కోసం: తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకి ఇందులో ఎత్తు, బరువు చూసి బీఎంఐ కడతారు. 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగడం, అర నిమిషంలో ఎన్ని కర్లప్స్, ఎన్ని పుషప్స్.. ఇవి ఉంటాయి. చాలా బళ్లలో దీన్ని మొక్కుబడిగా చేసి అంకెలు నింపేస్తారు. నిజంగా చేయిస్తే పిల్లల ఒంట్లో ఏం జరుగుతోందో ఆ కాగితమే చెప్తుంది.

---

డోలియో_పిల్ల | జూలై 7, సాయంత్రం 6:30

జూన్ ఆఖర్లో స్కూల్లో పెట్టారు సర్. 600 మీటర్లు 2 నిమిషాల 14 సెకన్లు, ఆడపిల్లల్లో నాదే ఫస్ట్. మీరు అడిగారని ఈ రోజు ఫ్రెండ్ ఫోన్‌లో టైమ్ పెట్టుకుని పరుగెత్తాను. 2:31. గ్రౌండ్ తడిగా ఉంది సర్, రాత్రంతా వాన.

---

గుణుపూర్_పీఈటీ | జూలై 7, రాత్రి 8:10

తడి నేల రెండు మూడు సెకన్లు తింటుంది తల్లీ, పదిహేడు తినదు.

వారంలో నువ్వు పోగొట్టుకున్న కేజీలో కొవ్వు బహుశా పిడికెడు కూడా ఉండదు. పోయింది నీరు, కండల్లో దాచుకున్న శక్తి. అన్నం తింటే ఆ పిండిపదార్థం కండల్లో నిల్వ ఉంటుంది, తనతో పాటు నీటిని కూడా పట్టుకుని ఉంటుంది. అన్నం మానేస్తే ముందు ఖాళీ అయ్యేది ఆ నిల్వే. తూకం రాయి సంతోషిస్తుంది, కాలు లేవదు.

ఇప్పుడు మీ ఆట లెక్కే చూడు. పొట్ట మీద గుద్దితే 1, తన్నితే 2, తల మీద తన్నితే 3. ఒళ్లు గిర్రున తిప్పి తన్నితే ఇంకో రెండు కలుస్తాయి, పొట్టకి 4, తలకి 5. 2022 నుంచి మూడు రౌండ్లలో రెండు గెలిచినవాళ్లదే బౌట్. ఒక్కో రౌండూ రెండు నిమిషాలు. మూడో రౌండ్ ఆఖరి అర నిమిషంలో గిర్రున తిరిగి తన్నగలిగే కాలు కావాలి నీకు. 2:31 వచ్చిన కాలితో అది కాదు.

---

నౌపడా_ప్యాసింజర్ | జూలై 7, రాత్రి 8:25

బరంపురం తమ్ముడూ, చిన్న డౌటు. నాలుగు కేజీలు దించావు సరే, మెడల్ వచ్చిందా?

---

బరంపురం_పంచ్ | జూలై 7, రాత్రి 9:02

అది వేరే విషయం అన్నా. మొదటి బౌట్‌లోనే పోయింది. ఆ రోజు డ్రా బాగోలేదు.

---

నౌపడా_ప్యాసింజర్ | జూలై 7, రాత్రి 9:04

😀

---

వైజాగ్_ఫిజియో | జూలై 8, మధ్యాహ్నం 1:20

నా పుట్టిల్లు పర్లాకిమిడే, అందుకే ఈ థ్రెడ్ చదవకుండా పోలేకపోయాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా ఆ రెయిన్‌కోటు తీసెయ్. జూలైలో మన దగ్గర గాలిలోనే తడి. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 1997లో అమెరికాలో బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు దాదాపు నెల రోజుల్లోనే చనిపోయారు. గాలాడని బట్టలు, వేడి గది, నీళ్లు మానడం, ఇవే కారణాలు. ఆ తర్వాతే అక్కడ నియమాలు మార్చారు. వాళ్లు నీకంటే పెద్దవాళ్లు, గట్టివాళ్లు.

రెండోది, ఎదిగే వయసు. పదిహేనేళ్లకి ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. ఆటకి ఖర్చయ్యే శక్తికి తగినంత తిండి అందకపోతే ఒళ్లు ఒక్కొక్క పనినే ఆపేస్తూ వస్తుంది: ఎముకల పెరుగుదల, రోగనిరోధక శక్తి, ఆడపిల్లల్లో నెలసరి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు కూడా పెట్టింది. ఆ ఆఖరి విషయం గురించి ఇక్కడ నువ్వేమీ రాయొద్దమ్మా, ఎవరు అడిగినా. తేడా ఉంటే మాత్రం అమ్మకి చెప్పు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కళ్లు తిరిగిన సంగతి ఎలాగూ అమ్మకి చెప్పాల్సిందే. ఒకసారి హిమోగ్లోబిన్ కూడా చూపించుకో.

మూడోది, కుస్తీ ఆడే వినేశ్ ఫోగట్. 2024 ఆగస్టు 7, పారిస్ ఒలింపిక్స్. ఫైనల్ రోజు పొద్దున్న 50 కేజీల మీద 100 గ్రాములు ఎక్కువ. రాత్రంతా నిద్ర లేకుండా చెమటోడ్చింది, జుట్టు కూడా కత్తిరించుకుంది. అయినా పోటీ నుంచే తీసేశారు. నేను ఆ రోజు క్లినిక్‌లో ఫోన్ పట్టుకుని కూర్చుండిపోయాను, పేషెంట్లు కూడా ఏమీ అనలేదు.

---

బరంపురం_పంచ్ | జూలై 8, మధ్యాహ్నం 2:45

మరి అదే పారిస్‌లో అమన్ సెహ్రావత్ పది గంటల్లో 4.6 కేజీలు తగ్గి కాంస్యం కొట్టాడు కదా మేడమ్? అది చెప్పరేం?

---

వైజాగ్_ఫిజియో | జూలై 8, మధ్యాహ్నం 3:10

చెప్తాను. అతనికి 21 ఏళ్లు. రాత్రంతా ఇద్దరు కోచ్‌లు పక్కనే ఉన్నారు. ప్రతి గంటకీ తూకం చూశారు. ఈ పిల్ల పక్కన ఎవరున్నారు? ఒక రెయిన్‌కోటు.

---

సంగిడి_తాత | జూలై 8, రాత్రి 7:50

మా కాలంలో బరువు తగ్గడం అనే మాటే లేదమ్మడూ. సంగిడి రాయి ఎత్తాలంటే ఒంట్లో బరువుండాలి. పండగ వచ్చిందంటే ఊరి మధ్యలో సంగిళ్లు పెట్టేవారు, ఎత్తినవాడికి తువ్వాలు, వంద రూపాయలు, ఊళ్లో పేరు. నేను రెండేళ్లు ప్రయత్నించి మూడో ఏడు ఎత్తాను. మా ఆవిడ ఇప్పటికీ అది అబద్ధం అంటుంది.

కోడి రామమూర్తి నాయుడు గారి పేరు విన్నావా? వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. కలియుగ భీముడు అనేవారు. ఆఖరి రోజులు మన ఒడిశాలోనే, బలంగీర్‌లో గడిపారు. ఇక ఆమదాలవలస కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో 69 కేజీల విభాగంలో మొత్తం 240 కేజీలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టింది ఆ ఏడాదే. మీ తైక్వాండోని పతకాల ఆటగా కలిపింది కూడా ఆ ఏడాదేనట, మనవడు చెప్పాడు.

చిన్న రైలు రోజుల్లో మేం పాతపట్నం నుంచి దాని పక్కనే పరుగెత్తేవాళ్లం. చాలాసార్లు మేమే ముందు చేరేవాళ్లం లెండి, అది మా గొప్ప కాదు, ఆ రైలు గొప్ప.

పొద్దున్న ఏం తింటున్నావు?

---

డోలియో_పిల్ల | జూలై 8, రాత్రి 8:30

ఇప్పుడైతే రెండు బిస్కెట్లు, టీ తాతగారూ. అంతకుముందు చద్దన్నం, లేకపోతే మాండియా (చోళ్లు, అదే రాగులు) జావ. స్కూల్లో మధ్యాహ్నం అన్నం, డాల్మా (కూరగాయలు వేసిన పప్పు).

---

సంగిడి_తాత | జూలై 8, రాత్రి 8:41

అంతకుముందుదే బంగారం లాంటి తిండి. బిస్కెట్లు పక్కన పెట్టు.

---

వైజాగ్_ఫిజియో | జూలై 8, రాత్రి 9:15

తాతగారు చెప్పింది నిజం. 100 గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మిగతా ధాన్యాలు దగ్గరికి కూడా రావు. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టిన జిల్లాల్లో మన గజపతి, రాయగడ కూడా ఉన్నాయి. అంటే నీకు ఊళ్లోనే దొరుకుతాయి, డబ్బా పొడులు కొనక్కర్లేదు. జావ, రెండు గుడ్లు, ఉడికించిన సెనగలు, ప్రాక్టీసు అయ్యాక అరటిపండు. రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టు, ఈ రోజే.

---

అమ్మ_బరంపురం | జూలై 9, ఉదయం 11:05

మా బాబు తొమ్మిది, వాడిది కరాటే. మాకు బరువు గొడవ లేదు, బెల్టుల గొడవ. మొదట చేర్చిన చోట మూడు నెలలకోసారి గ్రేడింగు, ప్రతిసారీ ఫీజు, సర్టిఫికెట్‌కి వేరే, బెల్టుకి వేరే. రెండేళ్లలో బ్రౌన్ వచ్చేసింది. వేరే క్లబ్బుకి తీసుకెళ్తే అక్కడి సర్ ఒక్క కతా (కరాటే ఎత్తుల వరస) చేయించి చూసి "మళ్లీ గ్రీన్ నుంచి మొదలుపెడదాం బాబూ" అన్నారు. వాడు ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు.

పదో తరగతి అని ఆట మాన్పించే తల్లిదండ్రులకి ఒక మాట. సీబీఎస్ఈ వాళ్లకైతే జాతీయ, అంతర్జాతీయ పోటీలకి వెళ్లి పరీక్ష తప్పిపోతే మళ్లీ పెట్టే నియమం ఉంది. స్టేట్ బోర్డు పిల్లలు తేదీలు ముందే హెడ్‌మాస్టర్ గారికి చూపించి ఉంచడం మంచిది.

---

గుణుపూర్_పీఈటీ | జూలై 9, సాయంత్రం 5:30

బెల్టుల గురించి అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. తైక్వాండోలో బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్‌కి కొరియా రాజధాని సోల్‌లోని కుక్కివాన్ అనే తైక్వాండో కేంద్రం గుర్తింపు ఉంటుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకి ఇచ్చేది డాన్ (పెద్దల బ్లాక్ బెల్ట్ స్థాయి) కాదు, పూమ్ (పిల్లల స్థాయి). ఆరేళ్ల పిల్లాడికి ఎవరైనా బ్లాక్ బెల్ట్ ఫస్ట్ డాన్ అని రాసిచ్చారంటే ఆ కాగితం అటక మీద పెట్టేయండి.

తిత్లీ తుపాను గుర్తుందా, 2018 అక్టోబర్ 11. మేం ప్రాక్టీసు చేసే రేకుల షెడ్డు లేచిపోయింది. మిగిలింది సిమెంటు గచ్చు. నాలుగు నెలలు ఆ గచ్చు మీదే, ఎండలో. మ్యాట్లు లేవు, ప్యాడ్లు తడిసి కుళ్లిపోయాయి. ఆ బ్యాచ్ పిల్లల ఫుట్‌వర్క్ ఇప్పటికీ నా చేతుల్లో వచ్చిన అన్ని బ్యాచుల్లోకీ బెస్ట్. కిందపడితే దెబ్బ తగులుతుందని తెలుసు కదా, ఎవరూ పడేవారు కాదు.

---

పాతపట్నం_నాన్న | జూలై 9, రాత్రి 9:20

మధ్యలో అడ్డొస్తున్నందుకు క్షమించండి. మా ఇల్లు పాతపట్నం, ఆధార్ ఆంధ్రా. అబ్బాయి చదివేది పర్లాకిమిడిలో. స్కూల్ గేమ్స్‌కి వాడు ఏ రాష్ట్రం పిల్లాడు? అక్కడ అడిగితే ఇక్కడ అంటారు, ఇక్కడ అడిగితే అక్కడ అంటారు. అత్తారింటికీ పుట్టింటికీ మధ్య కోడలిలా ఉంది మా పని.

---

నౌపడా_ప్యాసింజర్ | జూలై 9, రాత్రి 9:48

స్కూల్ గేమ్స్‌కి ఎంట్రీ వెళ్లేది బడి ద్వారానే బావగారూ. బడి ఒడిశాలో ఉంటే ఒడిశా తరఫునే. అండర్ 14, 17, 19 అని మూడు వయసు విభాగాలు. పుట్టినతేదీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు స్పెల్లింగు, బడి రికార్డులో స్పెల్లింగు ఒకటేనా చూసుకోండి. తెలుగు ఇంటిపేరు ఒడియాలో రాసి మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చేసరికి వేరే వంశమైపోతుంది. నాకు అదే జరిగింది, రైల్వేలో స్పోర్ట్స్ కోటా కాగితాలప్పుడు అఫిడవిట్ కోసం పది రోజులు తిరిగాను. క్లబ్బు, అసోసియేషన్ పోటీల సంగతి వేరే, అక్కడ ఫారం చూసి వాళ్లనే అడగండి.

---

మోడరేటర్ | జూలై 9, రాత్రి 10:00

సరిహద్దు కాగితాల మీద వేరే థ్రెడ్ తెరుద్దాం. ఇక్కడ పిల్ల ప్రశ్న దగ్గరే ఉందాం.

---

డోలియో_పిల్ల | జూలై 13, మధ్యాహ్నం 12:10

అమ్మకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అది ఇంకా భయమేసింది. సాయంత్రం చీర మార్చుకుని నాతో పాటు క్లాసుకి వచ్చింది. నేను దూరంగా స్ట్రెచింగ్ చేస్తున్నట్టు నటించాను. అమ్మకి ఒడియా అంతంతమాత్రం, మాస్టారికి తెలుగు అంతంతమాత్రం. అయినా పావుగంట మాట్లాడుకున్నారు. చివరికి మాస్టారు నన్ను పిలిచి "49లోనే ఆడు. కానీ ఆ అమ్మాయి ఎదురైతే నేనేం చేయలేను" అన్నారు. మొహం మాడ్చుకున్నారు కానీ ఇంకేమీ అనలేదు. ఆయనా పదేళ్లుగా ఫీజు కట్టలేని పిల్లలకి ఊరికే నేర్పుతున్నారు, ఇక్కడ ఎవరూ ఆయన్ని చెడ్డవాడు అనుకోవద్దు ప్లీజ్.

హిమోగ్లోబిన్ 10.4 ఉంది. డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. టీతో వేసుకోవద్దన్నారు.

నాన్నకి మాత్రం ఇంకా ఇష్టం లేదు. నిన్న స్కూల్లో ఆడపిల్లలకి రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ మొదలైంది, మూడు నెలలు. ఎనిమిదో తరగతి వాళ్లకి చెయ్యి విడిపించుకోవడం నన్నే చూపించమన్నారు. ఇంటికొచ్చి నాన్న చెయ్యి పట్టుకుని చూపించాను. రెండుసార్లు విడిపించుకున్నాక మూడోసారి నవ్వారు. అంతే.

---

సంగిడి_తాత | జూలై 13, మధ్యాహ్నం 12:40

మూడోసారికి నవ్వాడంటే సగం పని అయిపోయింది. నాకు ఆడపిల్లలు ముగ్గురు, నాకు తెలుసు.

---

గుణుపూర్_పీఈటీ | జూలై 13, రాత్రి 8:00

పొడుగు కాళ్లవాళ్లతో ఆడేటప్పుడు మధ్య దూరంలో నిలబడకు, అది వాళ్ల ఇల్లు. పూర్తిగా బయట ఉండు, లేదా పూర్తిగా లోపలికి దూరిపో. లోపలికి దూరితే పొట్ట మీద గుద్దు 1 పాయింటే కావచ్చు, కానీ అక్కడ ఆమె కాలు లేపడానికి చోటుండదు. వారానికి రెండు రోజులు నీకంటే పొడుగున్న అబ్బాయిలతో స్పారింగ్ చేయించమను.

---

డోలియో_పిల్ల | ఆగస్టు 11, రాత్రి 8:55

సెలెక్షన్ అయిపోయింది. తూకం 48.8. నీళ్లు తాగి, జావ తాగి, భయం లేకుండా ఎక్కాను.

మొదటి బౌట్ గెలిచాను. రెండోది ఆమెతోనే. మొదటి రౌండ్ నాది! లోపలికి దూరి దూరి గుద్దాను, చివర్లో ఒకటి తిరిగి తన్నితే పొట్ట మీద తగిలింది, 4. మాస్టారు కుర్చీలోంచి లేచి ఒడియాలో ఏదో అరిచారు. రెండో రౌండ్ ఆమెది, తల మీద రెండు తగిలాయి. మూడో రౌండ్ ఒక్క నిమిషం సమానంగా ఉంది. తర్వాత నేను రెండుసార్లు గీత బయటికి వెళ్లిపోయాను. రెండు గామ్‌జియోమ్‌లు, ఆమెకి రెండు పాయింట్లు. ఆ రెండింటితోనే ఓడిపోయాను.

46 లోపులో గెలిచిన అమ్మాయిని చూశాను. అక్కడ ఆడి ఉంటే గెలిచేదాన్నేమో. అది అబద్ధం చెప్పను, బస్సులో ఏడ్చాను కూడా. కానీ మూడో రౌండ్‌లో కూడా కాళ్లు బరువెక్కలేదు, అది నాకు తెలుస్తోంది. ఇంటికొచ్చాక నాన్న "ఆ గీత కనబడదా నీకు?" అన్నారు. అంటే అమ్మ ఫోన్‌లో తీసిన వీడియో మొత్తం చూశారన్నమాట.

---

బరంపురం_పంచ్ | ఆగస్టు 11, రాత్రి 9:20

స్టేట్ మెడలిస్టుతో మూడో రౌండ్ దాకా లాగావా! నేనైతే నాలుగు కేజీలు దించి రెండో నిమిషానికే ఊపిరందక నిలబడిపోయాను చెల్లీ. డ్రా బాగోలేదని ఇన్నాళ్లూ అందరికీ అదే చెప్తున్నా.

---

గుణుపూర్_పీఈటీ | ఆగస్టు 11, రాత్రి 9:45

గీత సమస్యకి మందుంది. సున్నంతో నాలుగు మీటర్ల చదరం గీసుకో, అసలు కోర్టు కంటే చిన్నది. అందులో ఇద్దరు అబ్బాయిలు నిన్ను నెడుతుంటే నువ్వు పక్కకి తిరిగి తప్పించుకోవాలి, వెనక్కి అడుగు వేయకూడదు. కాలు సున్నం తొక్కితే పది పుషప్స్. నెల రోజులు.

600 మీటర్లు ఇప్పుడెంత?

---

డోలియో_పిల్ల | ఆగస్టు 12, ఉదయం 6:50

2:11 సర్. గ్రౌండ్ ఈ రోజు కూడా తడిగానే ఉంది. సున్నం ఈ వానకి నిలవదు, నాన్న పాత కొబ్బరితాడు ఇస్తానన్నారు. మేకులు కొట్టడానికి ఆదివారం ఆయనే వస్తారట.